నాలుగు మోకాళ్ళ స్పీకరు పెట్టె

చోడవరంలో బియ్యం మిల్లు వెనక సందులో మూడో ఇల్లు. గుమ్మం పైన ఒక బోర్డు ఉంటుంది: "ఇచ్చట ఆలోచనలు ఉచితంగా చెప్పబడును." ఆ బోర్డు తలకిందులుగా ఉంటుంది. ఎందుకంటారా, ఆ ఇంటి పెద్దవాడు సింహాద్రి దాన్ని ఇంటికప్పు మీంచి కిందికి వంగి కొట్టాడు. అతనికి తిన్నగానే కనిపించింది. "చదవాలంటే తల వంచండి. తెలివి ముందు తల వంచితే తప్పేముంది?" అంటాడు.

ఆ ఇంటివాళ్ళకీ నాకూ దూరపు చుట్టరికం. మరీ అంత దూరం కాదు లెండి. నేనూ ఆ బోర్డుని తల వంచి చదివినవాణ్ణే, అది తిరగేసి ఉందని నాకు రెండేళ్ళ తరవాత ఎవరో చెబితే తెలిసింది.

ఆ ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు సింహాద్రి, ఆలోచన అతనిది. చిన్నవాడు గవిరయ్య, చెయ్యి అతనిది. నడిమివాడు పైడిరాజు, గిటారు అతనిది. సింహాద్రి భార్య బంగారమ్మ. వీళ్ళందరినీ పెంచిన మామ్మ అప్పలనర్సమ్మ. "మా ఇంట్లో బుర్ర లేనివాళ్ళు లేరు" అని మామ్మ ఊరంతా చెప్పుకునేది. ఆవిడకి చెవులు వినబడవు కనక ఊరు ఏమని బదులిచ్చిందో ఆవిడకి తెలీదు.

పైడిరాజు మూడేళ్ళు కష్టపడి గిటారు మీద రెండు పాటలు నేర్చుకున్నాడు. ఆ రెండోది మొదటి పాటే, కాస్త నెమ్మదిగా. ఆ పాట కూడా బయటిది కాదు, చిన్నప్పుడు మామ్మ వీళ్ళని ఊపుతూ పాడిన జోల. చెవులు పోయాక మామ్మ ఆ పాట మానేసింది. తన గొంతు తనకే వినబడకపోతే ఎవరి కోసం పాడాలి? అందుకే పైడిరాజు పట్టుబట్టి దాన్నే నేర్చాడు. రోజూ ఆవిడ ఎదురుగా కూర్చుని వాయిస్తాడు. మామ్మ జాలిగా చూసి, "పాపం, వీడికి వేళ్ళ దురద ఇంకా తగ్గలేదే" అని వేపనూనె తెచ్చి వేళ్ళకి రాస్తుంది. మూడేళ్ళుగా ఇదే వరస. పైడిరాజుకి ఏడుపొచ్చేది, నూనె మాత్రం చల్లగా ఉండేది.

ఇంతలో ఉత్తరం వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం రాయగడ నించి చిన్నత్త వస్తుందిట, అయిదు గంటల బస్సుకి మామ్మని తీసుకుపోతుందిట, ఆర్నెల్ల దాకా పంపదుట.

"అన్నయ్యా, మామ్మ వెళ్ళేలోగా నా పాట ఒక్కసారి వినాలి" అన్నాడు పైడిరాజు.

"ఓస్, అదెంత! శబ్దం పెద్దది చేస్తే సరి" అన్నాడు సింహాద్రి.

ఇంకేముంది, గురువారం ముగ్గురూ రేడియో రిపేరు కొట్టు కామేశ్వర్రావు గారి దగ్గరికి వెళ్ళారు. ఆయన మంచివాడు. ఒక పాత బల్బుల ఆంప్లిఫయరూ, పన్నెండు అంగుళాల స్పీకరూ తీసి ఇచ్చాడు. "పెట్టెలు మాత్రం మీరే చేసుకోండయ్యా. రెండు కావాలి. ఆంప్లిఫయరు పెట్టెకి గాలి తగలాలి. స్పీకరు పెట్టె మీ మోకాలి ఎత్తు ఉంటే చాలు. అంచులకి జిగురు రాసి, ఆరేదాకా కదలకుండా పట్టుకోవాలి."

ఆయన చెప్పింది ఇంతే. ఇందులో తప్పేముందో మీరే చెప్పండి.

శుక్రవారం పొద్దున్నే పలకలు తెచ్చారు. "మీ మోకాలు అన్నారు. ఎవరి మోకాలు?" అన్నాడు గవిరయ్య.

"మీ అంటే మన అందరిదీ. ఒకళ్ళ మోకాలే తీసుకుంటే మిగతావాళ్ళకి అన్యాయం కాదూ?" అన్నాడు సింహాద్రి.

అంతే. తలో మోకాలికీ తలో పలక కోశారు. పెట్టెకి నాలుగు పక్కలు, అన్నదమ్ములు ముగ్గురు. నాలుగో మోకాలికి బంగారమ్మని అడిగితే సిగ్గుపడి వంటింట్లోకి పోయింది. మామ్మ మోకాలు కొలిచారు. సింహాద్రి తాడిచెట్టంత మనిషి, మామ్మ వంగిపోయిన మనిషి. నాలుగు పలకలూ నిలబెడితే పై అంచు మెట్లలా వచ్చింది.

"పొడుగువి కోసేద్దామా?" అన్నాడు పైడిరాజు.

"నా మోకాలు నువ్వెలా కోస్తావురా?" అన్నాడు సింహాద్రి. "పైన తేడా వస్తే లోపం పైన లేదు, కింద ఉంది. నేల తవ్వండి."

ఇంకేముంది, హాల్లో గచ్చు పగలగొట్టి, పొడుగు పలకల కింద లోతుగా, పొట్టి వాటి కింద తక్కువగా తవ్వారు. నాలుగు పలకలూ గోతుల్లో దింపితే పై అంచు గీత గీసినట్టు సమానం! పైడిరాజు చప్పట్లు కొట్టాడు. అంతలో మామ్మ అటుగా వచ్చి గోతిలో కాలేసి, "ఈ ఇంట్లో గుంటలు ఎప్పుడు పెట్టార్రా?" అని తిట్టి పోయింది.

ఆంప్లిఫయరు పెట్టె మాత్రం బాగానే కుదిరింది. దానికి గాలి తగలాలి కదా, బంగారమ్మ విసనకర్ర పుచ్చుకుని దాని ముందు కూర్చుంది. శుక్రవారం సాయంత్రమూ విసిరింది, శనివారమూ విసిరింది. "నా పెళ్ళికి కూడా నాకు ఇంత గాలి ఎవరూ విసరలేదు" అని మధ్యమధ్య అనుకుంది.

శనివారం జిగురు. అంచులకి రాశారు, అరచేతులకీ అంటింది. నలుగురూ నాలుగు మూలలా పట్టుకున్నారు, బంగారమ్మ ఓ చేత్తో మూల, ఓ చేత్తో విసనకర్ర. కదలకూడదన్నారు కనక కదల్లేదు. పైడిరాజు ముక్కు మీద ఈగ వాలింది. ఊదితే కదిలినట్టవుతుందేమోనని ఊదలేదు. ఆ ఈగ అక్కడే సుఖంగా కూర్చుని, తనంతట తానే విసుగొచ్చి పోయింది.

జిగురు ఆరింది. "ఇక వదలండి" అన్నాడు సింహాద్రి. వదిలారు. చేతులు రాలేదు. పెట్టె నలుగురినీ పట్టుకుంది.

"మనం దాన్ని ఆరేదాకా పట్టుకోమన్నారు. అది మనల్ని ఎప్పటిదాకా పట్టుకుంటుందో అడగలేదే!" అన్నాడు పైడిరాజు. తప్పు తనదే అనిపించింది అతనికి, ఏ తప్పు జరిగినా అతనికి అలాగే అనిపిస్తుంది, చాలాసార్లు నిజమే కూడా.

నలుగురూ పెట్టెని గోతుల్లోంచి పీకి, దాంతోపాటే బజారున పడ్డారు. మిల్లు దగ్గర ఎవరో అది ఊరేగింపు అనుకుని ఎదురొచ్చి కొబ్బరికాయ కొట్టారు. గవిరయ్య మొహమాటపడి, వంగి, పలక మీద రాలిన కొబ్బరిముక్క నోటితో అందుకున్నాడు.

కామేశ్వర్రావు గారు వేడినీళ్ళు పోసి మనుషుల్ని విడదీశాడు. పెట్టె కూడా నాలుగు ముక్కలయింది. ఆ పలకలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"జిగురు జోలికి పోకండి" అన్నాడు ఆఖరికి. "స్క్రూలు బిగించండి. లోపలినించి బిగించండి, బయటికి కనబడకూడదు. పెట్టె ఎంత పెద్దదైతే శబ్దం అంత నిండుగా వస్తుంది. ముందువైపు స్పీకరుకి గుండ్రంగా కన్నం కొయ్యండి, ఇంకెక్కడా సందు ఉండకూడదు. ఆంప్లిఫయరు వేడెక్కాకే వాయించాలి, గుర్తుంచుకోండి. ఇక వెళ్ళండయ్యా, రేపు ఆదివారం, నాకు సెలవు."

ఆదివారం తెల్లారేసరికి సింహాద్రి ఆలోచించేశాడు. "ఎంత పెద్దదైతే అంత మంచిదన్నారు. మన హాలంత చేద్దాం." పలకలు చాలవు కదా, మంచం చెక్కలు తీశారు, బీరువా తలుపు పీకారు. అప్పటికీ ఓ పక్క మిగిలింది. వీధి తలుపు ఊడదీసి దాన్నే నిలబెట్టారు. లోపలినించి బిగించాలన్నారు కనక గవిరయ్య స్క్రూడ్రైవరుతో లోపలికి పోయాడు. పైడిరాజు బయటినించి సందుల్లో గోధుమపిండి ముద్ద కూరాడు. మధ్యాహ్నానికి ఒక్క పలక తప్ప పెట్టె పూర్తయింది. ఏనుగు పిల్లని కట్టేసుకోవచ్చు.

పైడిరాజు ముస్తాబయ్యాడు. ఇంకో గంటలో మామ్మ తన పాట వింటుంది. గిటారు తుడిచాడు, వేళ్ళు కడుక్కున్నాడు, వేపనూనె వాసన పోలేదు. "వదినా, ఆంప్లిఫయరు వేడెక్కిందా?"

"రెండ్రోజులు విసిరి విసిరి చల్లార్చాను కదా, ఊరికే ఎక్కడ వేడెక్కుతుంది మరిదీ? పొయ్యి మీద పెట్టాను."

"మాడిపోదూ?"

"నాకా తెలియనిది! ఆవిరి మీద పెట్టాను. ఇడ్లీ గిన్నెలో."

పైడిరాజు వంటింట్లోకి పరిగెత్తాడు. ఇడ్లీ గిన్నె బుసబుసా ఆవిరి కక్కుతోంది. దాని మీద మూతగా స్పీకరు బోర్లించి ఉంది. "మూత కనబడలేదు. ఇది సరిగ్గా సరిపోయింది చూడు" అంది బంగారమ్మ. నిజమే, ఆ ఇంట్లో కొలత కుదిరిన వస్తువు అదొక్కటే. స్పీకరు కాగితం నానిన అప్పడంలా వేలాడుతోంది. ఆంప్లిఫయరు బల్బుల్లో నీళ్ళు కదులుతున్నాయి.

పైడిరాజు నేల మీద కూలబడ్డాడు. ఆర్నెల్లు. ఆవిడకి ఎనభై దాటాయి. ఆర్నెల్లంటే ఎవరికి తెలుసు? "నేనొక వెధవని" అన్నాడు. "వేళ్ళకి నూనె రాయించుకోవడానికి తప్ప పనికిరాను."

"ఛ, ఏడవకు" అన్నాడు సింహాద్రి. "రావుగారు శబ్దం పెట్టెలో నిండుతుందన్నారు. నిండేది పెట్టెలో అయితే మనం మామ్మని బయట కూర్చోబెట్టడం ఏమిటి? నీళ్ళు బావిలో ఉంటే గట్టు మీద మునుగుతామా?"

పైడిరాజు కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత చిన్న విషయం తనకెందుకు తట్టలేదో!

అంతే. పీట వేసి మామ్మని పెట్టెలో కూర్చోబెట్టారు. ఆవిడ వీపూ తలా వీధి తలుపుకి ఆనించి కూర్చుంది. పైడిరాజు గిటారుతో ఎక్కాడు. ఒక్కణ్ణే వదలడం ఇష్టం లేక సింహాద్రి ఎక్కాడు. అందరూ ఎక్కితే నేనేం పాపం చేశానని బంగారమ్మ ఎక్కింది. గవిరయ్యకి పని మిగిలి ఉంది. సందు ఉండకూడదన్నారుగా, ఆఖరి పలక లాగి ఇరవై రెండు స్క్రూలు లోపలినించి బిగించేశాడు. స్పీకరు కన్నంలోంచి గుండ్రంగా వెలుతురు పడుతోంది.

లోపల ఇరుకు. గిటారు పట్టుకోవడానికి చోటు లేక పైడిరాజు దాని బుర్రని తలుపు చెక్కకి నొక్కిపెట్టి వాయించాడు. మొదటి పాట. నెమ్మదిది కాదు, అసలుది. తలుపు చెక్కంతా జుమ్మని అదిరింది.

మామ్మ వేపనూనె కోసం తడుముకుంటున్న చెయ్యి ఆగిపోయింది. తల చెక్కకి ఇంకా గట్టిగా ఆనించింది. పెదవులు కదిలాయి. పదేళ్ళ తరవాత ఆ గొంతు, బొంగురుగా, దారి వెతుక్కుంటూ, పాట అందుకుంది.

పైడిరాజు ఏడుస్తూనే వాయించాడు. సింహాద్రి ఏడ్చాడు. బంగారమ్మ విసనకర్రతో అందరికీ విసిరింది.

మామ్మ హఠాత్తుగా ఆగి పైడిరాజు చేతి మీద ఒక్కటి వేసింది. "ఒరే సన్నాసీ! ఇది నా పాటరా! మూడో చరణం తప్పు వాయిస్తున్నావు. మళ్ళీ మొదటినించీ కానీ!"

తిట్టు అంత తియ్యగా ఉంటుందని పైడిరాజుకి అప్పుడే తెలిసింది. మళ్ళీ మొదలెట్టాడు.

అంతలో చిన్నత్త వచ్చింది. గుమ్మానికి తలుపు లేదు. ఆ ఇంటి ఆడపడుచు కదా, తలుపు కొట్టకుండా లోపలికి వచ్చే మనిషి కాదు. హాల్లో నిలబెట్టి ఉన్న తలుపు వెతికి పట్టుకుని, దాన్నే టకటకా కొట్టింది.

"ఎవరో తలుపు కొడుతున్నారు. తియ్యండ్రా" అంది మామ్మ.

"మామ్మకి తలుపు చప్పుడు వినబడిందోయ్!" అని అందరూ కావలించుకున్నారు. అందరూ ఒకేసారి కావలించుకుంటే పెట్టె ఓసారి ఊగింది.

"గవిరీ, తలుపు తియ్యి" అన్నాడు సింహాద్రి.

గవిరయ్య స్క్రూడ్రైవరు పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. "రావుగారు బిగించమన్నారు గానీ విప్పమనలేదే అన్నయ్యా."

నిజమే. సింహాద్రి కన్నంలో మొహం పెట్టాడు. "చిన్నత్తా, బాగున్నావా? తలుపు తీస్తాం గానీ, నువ్వోసారి రావుగారి కొట్టుకెళ్ళి, స్క్రూలు విప్పొచ్చో లేదో అడిగి రా."

"అలాగే. అడక్కుండా విప్పేసి తరవాత మాటపడడం దేనికి?" అని చిన్నత్త సంచీ అక్కడే పెట్టి వెళ్ళింది. గంటకి రొప్పుతూ వచ్చి కన్నం దగ్గర వంగింది. "కొట్టు మూసి ఉందిరా. ఆదివారం సెలవుట. రేపు పొద్దున రమ్మని బోర్డు ఉంది. అది తిన్నగానే ఉంది గానీ మన ఇంటి అలవాటు కొద్దీ తల వంచి చదివాను, దాంతో కాస్త ఆలస్యమైంది. బస్సు కూడా వెళ్ళిపోయింది."

పైడిరాజు ఆ మాటలన్నీ మామ్మకి సైగలతో చెప్పాడు. మామ్మ వెనక్కి జారి, తలుపుకి తల ఆనించి, హాయిగా కళ్ళు మూసుకుంది.

"మంచిదే. రేప్పొద్దున దాకా టైముంది, మూడో చరణం కానీ" అంది.