హారిణి ఇచ్చిన గొలుసు

అడిగిన ప్రశ్నకు సదాశివయ్యగారు నేరుగా జవాబు చెప్పిన సందర్భాలు తక్కువ. ఆ సంగతి తెలిసీ ఆయన శిష్యుడు వామనరావు ఒక సాయంత్రం తన బాధ చెప్పుకున్నాడు. అతను విశాఖలో బాగా ఉన్నవాళ్ల పిల్లలు చదివే బడిలో పంతులు.

"ఇమ్మంటే మా పిల్లలు చేతికి ఎముక లేనట్టు ఇస్తారు గురువుగారూ. దుప్పట్లు పంచుతారు, ఫొటోలు దిగుతారు, మర్నాటికి మరిచిపోతారు. వాళ్లకు ఇవ్వడం ఎలా నేర్పను?"

సదాశివయ్యగారు హారిణి అనే అమ్మాయి సంగతి చెప్పారు.

హారిణిది సముద్రం కనబడే పెద్ద మేడ. వంటమనిషి పైడితల్లి, ఆమె కూతురు గౌరి పెరటి గదిలో ఉండేవారు. ఆడపిల్లలిద్దరిదీ ఒకే ఈడు. గౌరికి నర్సింగులో సీటొచ్చింది గానీ ఫీజుకు దారి లేదు. బట్టలుతికే బండ దగ్గర కూర్చుని ఆ పిల్ల ఏడుస్తుంటే హారిణి చూసింది. ఇంకేమీ ఆలోచించకుండా మెళ్లో గొలుసు తీసి చేతిలో పెట్టింది.

"అమ్మేసి ఫీజు కట్టు."

"అమ్మగారికి తెలుసా?" అంది గౌరి, గుప్పిట మూయకుండానే.

"అమ్మకు నేను చెప్తాలే."

ఆ పూటంతా హారిణి గాల్లో తేలింది. తనంత మంచిది ఇంకెవరూ లేరనిపించింది. చెప్పడం మాత్రం రేపటికి వాయిదా వేసుకుంది.

తెల్లారి కూతురి బోసి మెడ తల్లి కంట పడింది. అది హారిణి అమ్మమ్మ పోయేముందు తన మెళ్లోంచి తీసి మనవరాలికి వేసిన గొలుసు. "ఏదే?" అంటే, "ఎక్కడో పెట్టాను" అని గొణిగింది హారిణి. ఇల్లంతా వెతికారు. చివరికి పెరటి గదిలో, గౌరి పుస్తకాల సంచిలో దొరికింది.

"హారిణమ్మే ఇచ్చింది. అడగండి," అంది గౌరి.

అందరూ హారిణి వైపు తిరిగారు. తల్లి ఆ గొలుసును కళ్లకద్దుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. తల్లి ఏడవగా హారిణి ఎన్నడూ చూడలేదు.

"నాకు తెలీదు," అంది.

పైడితల్లి అందరి ముందూ కూతురి చెంప పగలగొట్టింది. గౌరి చెంప తడుముకోలేదు. హారిణినే చూస్తూ నిలబడింది. పోలీసులదాకా ఎందుకు, వెళ్లిపొమ్మంది యజమానురాలు. మూట కట్టుకుని మధ్యాహ్నానికల్లా తల్లీకూతుళ్లు గేటు దాటారు.

ఆ తర్వాత హారిణికి ముద్ద దిగలేదు. కొన్నాళ్లకు తల్లి ఒళ్లో తల పెట్టి ఉన్నదంతా చెప్పేసింది. తల్లి కొయ్యబారిపోయింది. ఇద్దరూ వెంటనే కారెక్కి పైడితల్లి సొంతూరికి పరిగెత్తారు. అక్కడ తలుపుకు తాళం ఉంది. దొంగతనం మాట వాళ్లకంటే ముందే ఊరు చేరిందనీ, తలెత్తుకోలేక తల్లీకూతుళ్లు మద్రాసు వైపు కూలికి పోయారనీ ఇరుగమ్మ చెప్పింది. మద్రాసులో ఎక్కడో ఎవరికీ తెలియదు. కాలేజీలో గౌరి సీటు ఇంకొకరికి వెళ్లిపోయింది.

"హారిణికి ఇప్పుడు జుట్టు నెరుస్తోంది," అన్నారు సదాశివయ్యగారు. "ఎందరో ఆడపిల్లలకు నర్సింగు ఫీజులు కట్టింది. ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు నర్సుల ముఖాలు చూస్తుంది."

వామనరావు అడిగాడు. "అయితే ఆ గొలుసు ఇవ్వకుండా ఉండాల్సిందంటారా?"

"గొలుసు ఇవ్వడానికి వెనకాడలేదు నాయనా," అన్నారు సదాశివయ్యగారు. "ఒక్క మాట దగ్గర పిసినారైంది."