ఏడు అరచేతుల గుమ్మం

అనగా అనగా ఒక రాజు. ఊ కొట్టకపోతే రాజు అక్కడే ఆగిపోతాడు, తర్వాత మీ ఇష్టం. ఆయన పేరు కీర్తిసేనుడు, ఏలేది మణికుండ రాజ్యం. పెద్దకొడుకు కేతువర్మ, రెండోవాడు కుందవర్మ, ఆఖరిది ఆడపిల్ల తారావళి. ఏటా వానలు పడేసరికి ఆ రాజ్యానికి నీలిజ్వరం వచ్చేది, ఇంటికొకరిని తీసుకుపోయేది. వైద్యం నేర్చి వచ్చినవాళ్లకే సింహాసనం అన్నాడు రాజు.

ఆ దేశంలో చదువుకు మూడు మెట్లు. మొదటి మెట్టెక్కితే రాగి కంకణం, మందు నూరవచ్చు. రెండోదెక్కితే వెండి కంకణం, నాడి పట్టవచ్చు. మూడోదెక్కితే బంగారు కంకణం, పదిమందికీ నేర్పవచ్చు. ఏ బడి పడితే ఆ బడి వాటిని ఇవ్వకూడదు. ఏడూళ్ల పెద్దలు ఏడుగురు వచ్చి, గురువునీ శిష్యులనీ మందులనీ పరీక్షించి, సరే అనుకుంటే గుమ్మం పక్క గోడ మీద తలా ఒక పసుపు చెయ్యి వేసేవారు. చేరేవాడు ఆ ముద్రలు చూసుకోవాలి, అవి వేసిన వాళ్ల పేర్లు అడగాలి. అడిగేవాళ్లేరీ? అందరి కళ్లూ కంకణాల మీదే.

అలాంటి బడి పొరుగూళ్లోనే ఉంది. కానీ అక్కడ మూడు మెట్లకూ తొమ్మిదేళ్లు పడుతుంది, రుసుముకు బదులు నీళ్లు మోయాలి. రాజు కొడుకులు కావడి మోస్తారా? ఏడు సముద్రాల అవతల పింగళాక్షుడనే మాంత్రికుడు మూడు పున్నములకే మూడు కంకణాలూ ఇస్తాడని విని, కేతువర్మ అక్కడికి మనుషుల్ని మోసే ఒక పెద్ద తాబేలు వీపెక్కి వెళ్లిపోయాడు.

నాలుగో నెలలో తిరిగి వచ్చాడు. చేతికి బంగారు కంకణం, తలంతా నెరిసిన జుట్టు. అక్కడ రుసుము ఆయుష్షు, మెట్టుకు పదేళ్లు. రాజు కంకణం చూసి మురిసిపోయాడు గానీ కొడుకు జుట్టు చూడలేదు. అన్న కంకణం చూసి కుందవర్మ కూడా బయల్దేరాడు.

అతను వెళ్లిన రెండో నెల దాటగానే రాణికి నీలిజ్వరం వచ్చింది. కేతువర్మ తనకు నేర్పిన మందే ఇచ్చాడు. మూడో పూటకు రాణి కన్నుమూసింది. కేతువర్మ ఏడుస్తూ కంకణాన్ని లాగాడు, రాయితో కొట్టాడు. అది ఊడి రాలేదు.

"తారా, మందు నేనే కలిపాను, అమ్మను నేనే చంపుకున్నాను" అన్నాడు చెల్లెలితో. "తమ్ముణ్ణయినా తీసుకురా. వాడి జాతకంలో ఆయుష్షు నలభై ఎనిమిది. ఇప్పుడు పంతొమ్మిది. మూడో మెట్టుకు కూడా కడితే ఇంకేం మిగలదమ్మా."

తారావళి తల్లి చితి ఆరకముందే ఒడ్డుకు పరుగెత్తింది. తాబేలు ఆమెను ఎక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, మూడోదానిలో నోరు విప్పింది. "ఎంతమందిని మోశానో తల్లీ. పోయేటప్పుడు బరువుగా ఉంటారు. వచ్చేటప్పుడు వీపు మీద ఎవరూ లేనట్టే ఉంటుంది. నాకూ సిగ్గుగానే ఉంది." మాంత్రికుడి ప్రాణం పంజరంలోని చిలుకలో ఉందనీ, కానీ దాని గొంతు నొక్కడం అతని చేతికి తప్ప ఎవరి చేతికీ సాధ్యం కాదనీ చెప్పింది.

ఏడో సముద్రం దాటితే బడి. గుమ్మం పక్కన ఏడు పసుపు చేతులు తళతళలాడుతున్నాయి. తారావళి ఒక్కొక్క ముద్ర మీదా తన చెయ్యి పెట్టి చూసింది. ఏడింటిలోనూ చిటికెన వేలు ఒకేలా వంకర. లోపలి నుంచి పింగళాక్షుడు చేతులు జోడించి వచ్చాడు. అతని చిటికెన వేలూ అలాగే వంకర. అతని వెనక, శిష్యుల గుంపులో, ఆయుష్షు తీసే కుండ ముందు మోకరించి ఉన్నాడు కుందవర్మ. పంతొమ్మిదేళ్లవాడి నుదుటి మీద ముడతలు.

ముద్రలు వేసిన పెద్దల పేర్లు చెప్పమంది తారావళి. అన్నాళ్లలో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. మాంత్రికుడు నవ్వి పంజరం తెప్పించాడు. ఏడుగురూ తమ మాటను ఈ చిలుకకు అప్పగించారనీ, ఇది యోగ్యమన్నది జరిగి తీరుతుందనీ, కావాలంటే దీన్నే అడగమనీ అన్నాడు.

"ఈ బడి యోగ్యమేనా?"

"యోగ్యం" అంది చిలుక.

"నేను అక్షరం ముక్క నేర్వలేదు. బంగారు కంకణానికి నేను యోగ్యురాలినా?"

"యోగ్యం" అంది చిలుక. గోడకున్న కంకణాల్లోంచి ఒకటి ఎగిరొచ్చి ఆమె చేతికి పడింది. ముప్పై ఏళ్లు కట్టి అదే కంకణం తొడుక్కున్న వాళ్లంతా దాన్ని చూశారు. తర్వాత తమ చేతులు చూసుకున్నారు.

"మీ గురువు ఇప్పుడే చావడం యోగ్యమేనా?"

చిలుకకు వచ్చింది ఒకటే మాట. అది నోరు తెరిచింది. మాంత్రికుడు హడలిపోయి పంజరంలో చెయ్యి దూర్చి దాని గొంతు పట్టుకున్నాడు. మాట బయటికి రాకూడదని గట్టిగా, ఇంకా గట్టిగా నొక్కాడు. చిలుక మెడ వాలింది. అతని మెడా వాలింది.

ఆయుష్షు కట్టకుండా వచ్చింది కాబట్టి తారావళి చేతి కంకణం బూడిదై రాలింది. కానీ కట్టిన ఆయుష్షు ఎవరికీ తిరిగి రాలేదు, కుండ పగలగొట్టి చూస్తే ఖాళీ. కుందవర్మ చెల్లెలి ఒళ్లో తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తిరుగు ప్రయాణంలో తాబేలు, "ఈసారి వీపు మీద కాస్త బరువుంది తల్లీ" అంది.

కుందవర్మకు మిగిలినవి తొమ్మిదేళ్లే. అన్నాచెల్లెళ్లిద్దరూ పొరుగూరి బడిలో చేరి నీళ్లు మోశారు. ఆ గుమ్మం పక్కన ఏడు చేతులు ఏడు రకాలు, ఒకదానికైతే ఒక వేలే లేదు. ముదిసిన ఒంటితో కుందవర్మ ఒక్క మెట్టే ఎక్కగలిగాడు, రాగి కంకణంతో పోయాడు, అది నిజమైనది. తారావళి మూడు మెట్లూ ఎక్కి, తనతో కావడి మోసిన మాధవయ్యను పెళ్లాడి, నలభై ఏళ్లు రాజ్యమేలింది. నీలిజ్వరం రావడం మానలేదు గానీ ఇంటికొకరిని తీసుకుపోవడం మానింది.

కేతువర్మ పోయిన రోజున అతని కంకణం దానంతటదే ఊడింది. తారావళి దాన్ని పొరుగూరి బడి గుమ్మానికి బాగా కిందికి వేలాడదీయించింది. లోపలికి పోయే ప్రతివాడి నుదుటికీ అది టంగున తగులుతుంది. నుదురు రుద్దుకుంటూ ఆగితే పక్కనే ఏడు చేతులు కనిపిస్తాయి. కథ కంచికి వెళ్లిపోయింది గానీ ఆ కంకణం ఇంకా అక్కడే వేలాడుతోంది.