రాజును లేపిన కొబ్బరి పీచు

ఒకానొక రాజ్యాన్ని గజకేసరి భూపతి ఏలేవాడు. ఆయనకు దర్పం జాస్తి. ఒకసారి కూర్చున్నాడంటే ఎవరొచ్చినా లేచేవాడు కాదు. సొంత మామగారు వచ్చినా కూర్చునే పలకరించాడు. పాపం, ఆ పెద్దాయన మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఒక ఏడు వానాకాలం పోకముందే రాజుకు వేట మీద మనసైంది. ఆస్థానంలో కొండుభట్టు అనే చమత్కారి ఉన్నాడు. అతడు వంటింటి పేరమ్మ చేత కొబ్బరి పీచు, పాత నూలుగుడ్డ పీలికలు కలిపి ఉండలు చుట్టించాడు. వాటిని కరిగిన తేనెమైనంలో ముంచి ఆరబెట్టించాడు.

"కట్టెలు తడిసినా ఇవి మంట రాజేస్తాయి ప్రభూ" అని బుట్టెడు తెచ్చి చూపించాడు.

రాజు ముక్కు మూసుకున్నాడు. "వంటింటి చెత్త మా విడిదిలోకా! మాకు చందనపు కట్టెలున్నాయి. అక్కడ చెత్త కనబడిందో, నీ కొలువు ఊడినట్టే!"

"చిత్తం. మరి సింహాసనం బండికెక్కించమంటారా?"

"అక్కర్లేదు. మేము ఎక్కడ కూర్చుంటే అదే సింహాసనం."

ఆ మాట వినగానే కొండుభట్టు ముఖం వికసించింది.

మర్నాడు పల్లకీలో రాజు అటూ ఇటూ కదిలాడు. "పరుపు ఉండలు కట్టిందేమిటయ్యా?"

"వీరుల పరుపు అలాగే ఉంటుంది ప్రభూ!" అన్నాడు పక్కనే నడుస్తున్న కొండుభట్టు.

వీరుడనేసరికి రాజు ఇక కదిలితే ఒట్టు.

అడవి చేరేసరికి కుండపోత వాన. బండ్లు, గుడారాలు, చందనం అన్నీ తడిసి ముద్దయ్యాయి. సాయంత్రానికి వాన వెలిసినా చలి పట్టుకుంది. పైగా దగ్గర్లోనే పులి గాండ్రించింది. సేవకులు చెకుముకి రాళ్లు కొడుతుంటే రవ్వలు తడి చందనం మీద పడి చల్లారిపోతున్నాయి.

పల్లకీలో రాజు పళ్లు టకటకలాడాయి. "మంట పెట్టినవాడు ఏది కోరితే అది ఇస్తాం!"

"నేను పెడతాను ప్రభూ. తమరు ఒక్కసారి లేవాలి."

"మేమా! ఎవరి కోసం?"

పులి మరింత దగ్గరగా అరిచింది. రాజు లేచాడు. లేవడమేమిటి, ఎగిరి బయటికి గంతేశాడు.

కొండుభట్టు పరుపు కుట్లు విప్పి పీచు ఉండలు తీశాడు. ఒకదాని పీచు విడదీసి రవ్వ రాల్చాడు. అది అంటుకుని మైనంతో నిలకడగా మండింది. మరికొన్ని పేర్చేసరికి తడికట్టెలు కూడా దారికొచ్చాయి. మంట చూసి పులి తన దారిన పోయింది.

చేతులు కాచుకున్నాక రాజుకు కోపం గుర్తొచ్చింది. "చెత్త తేవద్దన్నామా లేదా? నీ కొలువు ఊడింది!"

"ప్రభూ, వానలో గొడుగు పట్టింది తమ పల్లకీ ఒక్కదానికే. విడిది మొత్తంలో పొడిగా ఉన్నది తమ కిందే. పైగా తమరు కూర్చున్నదే సింహాసనమని సెలవిచ్చారు. పొద్దుటి నుంచి తమరు కూర్చున్నదాన్ని చెత్త అనే ధైర్యం నాకు లేదు. తమకుంటే అనండి."

రాజు పగలబడి నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి కొండుభట్టుకు వేశాడు. "నీ కొలువు పదిలం. ఇంకేం కావాలో కోరుకో!"

"తమ మామగారిని పిలిపించండి ప్రభూ. కొబ్బరి పీచు కోసం లేచినవారు, ఆయన కోసం లేవలేరా?"

రాజు నవ్వు ఆగిపోయింది. సిగ్గుతో తల వంచుకుని, అక్కడి నుంచే కబురంపాడు.

మామగారు వచ్చిన రోజున గజకేసరి వీధి వాకిలి దాకా ఎదురెళ్లాడు. పెద్దాయన ఆనందానికి అవధుల్లేవు. అల్లుడిలో ఇంత మార్పు ఎలా వచ్చిందని ఆయన అడిగితే, రాజు కొండుభట్టు వంక చూసి మళ్లీ పగలబడి నవ్వాడు.