జడ విప్పిన అచ్చియ్యమ్మ

అనగనగా గోదారి గట్టున ఓ ఊరుందే బంగారం. ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒకావిడ. అరవై ఏడేళ్ళు. జడ కోలాటంలో ఆవిడే నాయకురాలు. పైనుంచి వేలాడే తాళ్ళు తలా ఒకటి పట్టుకుని, ఆడుతూ ఆడుతూ జడ అల్లాలి. ఆ తర్వాత వెనక్కి ఆడుతూ విప్పాలి. ఒక్క అడుగు తప్పిందా, చిక్కే!

"అమ్మమ్మా, అచ్చియ్యమ్మంటే నీ పేరే కదా?"

నోర్మూసుకుని ఊఁ కొట్టు.

ఒకరోజు ఆవిడకి నడుం పట్టేసింది. ఆ తర్వాత వంగితే లేవలేకపోయింది. ఆ తర్వాత గిర్రున తిరగబోయి తూలింది. ఆ భయంతో అడుగులు కూడా మర్చిపోయింది. "పిన్నిగారూ, ఈసారి తీర్థానికి మీరు కుర్చీలో కూర్చుని తాళం వెయ్యండి" అన్నారు జట్టువాళ్ళు. కుర్చీట, కుర్చీ! ముప్పై ఏళ్ళు ఆడిన ఆట మరి. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు.

అప్పుడు పక్క వీధిలో ఉండే శ్యామల వచ్చింది. ఫిజియోథెరపీ చదివిన పిల్ల. "పిలాటిస్ నేర్పుతాను, రండి మామ్మగారూ" అంది. చాప మీద పడుకోబెట్టి, ఊపిరి వదులుతూ పొట్ట బిగించమంది.

"పడుకుని చేసేదీ ఒక కసరత్తేనా? మా ఆయన రోజూ చేస్తాడు!" అంది అచ్చియ్యమ్మ. మర్నాడు పొట్ట పట్టేసి నవ్వలేకపోయిందనుకో.

అయినా మానలేదు. మొదటి నెల ఊపిరి కుదిరింది. రెండో నెల నడుం పట్టు వదిలింది. మూడో నెల చెయ్యి ఊనకుండా నేల మీంచి లేచింది! ప్రతి కదలికా మనసు పెట్టి చెయ్యాలి కదా, బుర్ర కూడా తేటపడింది. మర్చిపోయిన అడుగులన్నీ గుర్తొచ్చాయి.

తీర్థం రోజు "నేను అడుగు తప్పితే నేనే వెళ్ళి కుర్చీలో కూర్చుంటా" అని బరిలోకి దిగింది. జడ అల్లడం బ్రహ్మాండంగా అయింది. విప్పేటప్పుడు ఒకమ్మాయి ఎడంపక్కకి వెళ్ళాల్సింది కుడిపక్కకి వెళ్ళింది. తాళ్ళు చిక్కుపడ్డాయి. జనం ఒకటే గోల.

"ఆగండర్రా! ఎక్కడివాళ్ళక్కడే!" అంది అచ్చియ్యమ్మ. ఊపిరి వదిలింది, పొట్ట బిగించింది. ఎవరు ఎటు తిరిగారో వెనక్కి గుర్తుచేసుకుంది. అప్పుడు ఆ అమ్మాయి తాడు అందుకుని, అందరి చేతుల కిందనుంచి మోకాళ్ళ దాకా వంగి, ఒకసారి దూరింది, రెండుసార్లు దూరింది, మూడోసారికి జడ విడిపోయింది. ఊరు ఊరంతా చప్పట్లే! ఆవిడ గుండె ఇంత అయిపోయిందే తల్లీ.

"అడుగు తప్పిందెవరమ్మమ్మా?"

ఇంకెవరు, మీ అమ్మే! ఇప్పుడు తెల్లారేసరికి నా పక్కన చాప వేస్తోందా లేదా?

"మరి కుర్చీ?"

అందులో శ్యామలని కూర్చోబెట్టాం, అందరికన్నా ముందు.

కథేమో కంచికి, అమ్మమ్మేమో కోలాటానికి, బంగారమేమో నిద్దరకి!