ప్రార్థన చేసిన నీళ్ళు

పాలపర్తి సుగుణరాజు అయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పుల కోసం వెతుక్కునేవారు. కూర్చున్నచోట జవాబు దొరకదని ఆయన నమ్మకం. నలభై ఏళ్ళు సంఘాల్లో సేవచేసి, ఇప్పుడు టౌన్లో కూతురింట ఉంటున్న మనిషి. ఆయన దగ్గర వాక్యం నేర్చుకున్నవాళ్ళు పదీ పన్నెండు ఊళ్ళలో పాస్టర్లుగా ఉన్నారు. వాళ్ళలో అందరికంటే చురుకైనవాడు, అందువల్లే ఆయన్ని అందరికంటే ఎక్కువ విసిగించేవాడు, జడ్సన్.

జడ్సన్ సంఘం ఏటిమొగ పాలెంలో ఉంది. పదిహేను రోజులుగా ఆ పాలేన్ని వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పందొమ్మిది ఇళ్ళలో మనుషులు మంచాన పడ్డారు. సంఘపెద్ద ఇమ్మానుయేలు తండ్రి, ఎనభై ఏళ్ళ దానియేలు తాత, గురువారం నాడు చనిపోయాడు. ఆరోగ్యకేంద్రం నర్సమ్మ వచ్చి బావిలో బ్లీచింగు పొడి చల్లించి, నీళ్ళు కాచి తాగమని ఇల్లిల్లూ తిరిగి చెప్పి వెళ్ళింది. అయినా జబ్బు ఆగలేదు. ఆగకపోయేసరికి జనానికి ఒక కారణం కావాల్సివచ్చింది. కావాలనుకున్న ఊరికి కారణం దొరకడం ఎంతసేపు?

పాలెం చివర ఇటుకల బట్టీ ఉంది. అక్కడ ఒరిస్సా నుంచి వచ్చిన ఏడు కుటుంబాలు తాటాకు పాకలు వేసుకుని ఉంటున్నాయి. వాళ్ళలో ఒక్కరికీ జబ్బు రాలేదు. "మనందరికీ వచ్చి వాళ్ళకి రాలేదంటే ఏమిటర్థం?" అని ఒకరన్నారు. బట్టీవాడొకడు మిట్టమధ్యాహ్నం బావి దగ్గర కనబడ్డాడని ఇంకొకరన్నారు. దాహమైనవాడు బావి దగ్గర కాక మరెక్కడ కనబడతాడని ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రానికే మాట సెల్‌ఫోన్లలోకి ఎక్కింది. మర్నాటికి ఆ బట్టీవాడి చేతిలో పొట్లం వచ్చింది, ఆ మర్నాటికి పొట్లంలో విషం వచ్చింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా!

శనివారం పెద్దలు కూర్చుని, ఆదివారం పొద్దుగుంకేలోగా ఆ ఏడు కుటుంబాలనూ తరిమెయ్యాలని తేల్చారు. అయితే వాళ్ళు భక్తిగల జనం. పాస్టరుగారు దేవుని చిత్తం కనుక్కుని, సాయంత్రం ఆరాధనలో ఒక్కమాట చెబితే చాలు, కర్రలు తీసుకుని బయల్దేరతామన్నారు. బట్టీవాళ్ళకి కూడా కబురు ముందే చేరిపోయింది.

జడ్సన్ ఆదివారం మధ్యాహ్నం దాకా ఉపవాసం ఉండి, కొత్త సంవత్సరం రోజున సంఘమంతా తలా ఒకటి తీసుకునే వాగ్దానపు కార్డుల పెట్టెను ముందు పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని ఒక కార్డు తీశాడు. దుష్టులు దేశంలో నిలవరని వచ్చింది. ఒళ్ళు జలదరించింది. ఎందుకైనా మంచిదని ఇంకొకటి తీశాడు. పరదేశిని బాధపెట్టవద్దని వచ్చింది. ఈ రెంటికీ పొత్తు కుదరక మూడోది తీస్తే, నీ భోజనపు బల్ల చుట్టూ పిల్లలు మొక్కల్లా ఉంటారని వచ్చింది. అతనికింకా పెళ్ళే కాలేదు. అప్పుడు అయ్యగారికి ఫోన్ చేశాడు.

అయ్యగారు రెండు గంటల బస్సుకి దిగారు. జడ్సన్ వందనాలు చెప్పి, ఆయన్ని ప్రార్థనా మందిరంలోకి తీసుకొచ్చి, కూర్చోబెట్టీ కూర్చోబెట్టకముందే అడిగేశాడు.

"అయ్యగారూ, ఇలాంటి కాలంలో మనలో మాట్లాడేది దేవుడో, మన భయమో ఎలా తెలుసుకోవాలండి?"

అయ్యగారి చూపు అలవాటు ప్రకారం చెప్పుల మీదికి పోయింది. కానీ బయట ఎండ మండుతోంది, ఆయన మోకాళ్ళు సహకరించడం లేదు. "ఎన్ని కార్డులు తీశావు?" అన్నారు.

"మూడండి."

"నాలుగోది తీయకుండా ఫోన్ చేశావు. అంతవరకు నయం." ఆయన బెంచీ మీద నడుం వాల్చారు. "ఇల్లిల్లూ తిరిగిరా. జబ్బుపడ్డ ఇంట్లో ఒకటే అడుగు, ఈ పదిహేను రోజులూ ఏం తాగారని. జబ్బుపడని ఇంట్లో కూడా అదే అడుగు. ప్రార్థన చెయ్యకు, వాక్యం చెప్పకు, ఓదార్చకు. నీకలవాటు లేని పనే, విని రా."

జడ్సన్‌కి ఒళ్ళు మండింది. ఊరు ఊరంతా ఒక మాట కోసం కాచుక్కూర్చుంటే, ఈ పెద్దాయన తనని జనాభా లెక్కలవాడిలా ఎండలో తిప్పుతున్నాడు. దీనికి నర్సమ్మ చాలదా? తాను దేవుని చిత్తం అడిగాడు గానీ మంచినీళ్ళ సంగతి అడిగాడా? అయినా గురువు మాట కాదనలేక గొడుగు తీసుకుని బయల్దేరాడు. అప్పటికే అయ్యగారు మొహం మీద జేబురుమాలు కప్పుకుని కళ్ళు మూసుకున్నారు.

మొదటి ఇంట్లో కరుణమ్మ మంచంలోంచే చేతులు జోడించింది. "ఏం తాగుతాం బాబూ, మీరిచ్చిన ప్రార్థన నీళ్ళే. పొద్దున మూడు గుక్కలు, సాయంత్రం మూడు గుక్కలు."

ఆ నీళ్ళ సంగతి ఇక్కడ చెప్పాలి. జబ్బు మొదలైన రెండో రోజున ఇద్దరు ముగ్గురే మంచాన ఉన్నప్పుడు, జడ్సన్ మందిరంలో ఒక నీలం డ్రమ్ము పెట్టించి, నీళ్ళు నింపించి, సంఘమంతా ఒక్కొక్కరే వచ్చి అందులో చెయ్యి ముంచి ప్రార్థించే పద్ధతి పెట్టాడు. మంచాన పడ్డవాళ్ళకి సేవ చేస్తున్నవాళ్ళే ముందు నిలబడేవాళ్ళు, ఆత్రం వాళ్ళది. తర్వాత ఆ నీళ్ళు చెంబుల్లో ఇంటికి పట్టుకెళ్ళి తాగేవాళ్ళు. డ్రమ్ము సగానికి దిగితే పైన కొత్తనీళ్ళు పోసేవాళ్ళు గానీ, ప్రార్థన చేసిన నీళ్ళని పారబోయడమా అని అడుగున ఉన్నవాటిని ముట్టుకునేవాళ్ళు కాదు. ఇక కాచడం మాటే లేదు. బావినీళ్ళు కాచారు, పాలు కాచారు, నర్సమ్మ చెప్పినదంతా చేశారు. ప్రార్థన నీళ్ళు కాచడం అవిశ్వాసమని మాత్రం అందరికీ గట్టి అభిప్రాయం. ఆ అభిప్రాయం ఇచ్చింది కూడా జడ్సనే.

కరుణమ్మ మాటకి అతను కొంచెం పొంగాడు. రెండో ఇంట్లోనూ అదే జవాబు వచ్చింది. మూడో ఇంట్లోనూ అదే. ఐదో ఇంటికి వచ్చేసరికి పొంగు చల్లారింది. ఎనిమిదో ఇంట్లో, "మా చిన్నదానికి మరీ ఎక్కువగా ఉందని రోజూ నాలుగుసార్లు పట్టాం పాస్టరుగారూ, అయినా తగ్గలేదు" అంటుంటే అతను మధ్యలోనే లేచి వచ్చేశాడు.

జబ్బుపడని ఇళ్ళలో మొదటిది తబితమ్మది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు బతికే మనిషి. పోయిన క్రిస్మస్‌కి తనకి కేకు ముక్క చిన్నది పెట్టారని అలిగి, అప్పటినుంచి మందిరం గడప తొక్కలేదు. జడ్సన్ ప్రశ్న వినగానే ఒంటికాలి మీద లేచింది.

"ఇప్పుడు గుర్తొచ్చానా నేను? నీ డ్రమ్ములో నీళ్ళు నాకెవరు తెచ్చిచ్చారు గనక తాగడానికి? బావినీళ్ళు కాచుకుని తాగుతున్నా. నాకు జబ్బు రాలేదని అది కూడా తప్పేనా?"

అతను తలదించుకుని వచ్చేశాడు. ఇంకో రెండిళ్ళలో అడిగాడు. ఒకళ్ళు పదిహేను రోజులుగా వేరే ఊళ్ళో పనికి ఉన్నారు. రెండో ఇల్లు మరో సంఘం వాళ్ళది, వీళ్ళ మందిరానికి రారు. ఇక బట్టీ దగ్గరికి పోనక్కర్లేదని అతని కాళ్ళకి తెలుసు. అయినా వెళ్ళాడు.

పాకల ముందు ఏడు కుటుంబాల మూటలూ కట్టి ఉన్నాయి. ఒకావిడ, పేరు సుక్రి, దూలానికి కట్టిన పసిపిల్ల ఉయ్యాల విప్పుతోంది. వచ్చీరాని తెలుగులో జవాబు చెప్పింది. "మీ బావి నీళ్ళే అయ్యా. గంజి కాస్తాం, అదే తాగుతాం." ఆ తర్వాత అతని గొడుగు వంక, ఖాళీ చేతుల వంక చూసి అడిగింది. "పొద్దుగుంకేదాకా ఉండొచ్చా? ఇప్పుడే పొమ్మంటారా? ఎండ ఉంది, పిల్ల ఉంది."

జడ్సన్ ఏదో గొణిగి వెనక్కి తిరిగాడు. దారి పొడుగునా అతనికి ఒకటే ఆలోచన. వాళ్ళకి జబ్బు రాలేదన్నదే కదా వాళ్ళ నేరానికి రుజువు! పాలెమంతా ఆ రుజువు పట్టుకుని ఊగిపోయింది. వాళ్ళకి ఎందుకు రాలేదని ఒక్కరైనా, ఒక్క పూటైనా ఆలోచించారా? తానైనా ఆలోచించాడా? ఉపవాసం ఉన్నాడు, కార్డులు తీశాడు, కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నాలుగడుగులు వేసి అడగడం మాత్రం తోచలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

మందిరానికి వచ్చేసరికి అయ్యగారు లేచి కూర్చున్నారు. డ్రమ్ము మూత పక్కన పెట్టి ఉంది. జడ్సన్ చూసినదంతా చెప్పాడు. గొంతు తగ్గించి మరోమాట కూడా చెప్పాడు.

"అయ్యగారూ, డ్రమ్ము ఇప్పుడే పారబోస్తాను. బట్టీవాళ్ళని ఉండనివ్వమని ప్రభువు నాతో మాట్లాడాడని సాయంత్రం చెప్తాను. నా మాట కాదనరు. వాళ్ళూ ఉంటారు, సంఘమూ చెదరదు. దానియేలు తాత ఎలాగూ తిరిగిరాడు కదండి."

అయ్యగారు ఆ రోజు కోపం తెచ్చుకోవడం అదే మొదలు. నెత్తి పట్టుకున్నారు.

"పాలెంవాళ్ళు జబ్బుని బట్టీవాళ్ళ మీద వేశారు. నువ్వు నీ తప్పుని దేవుడి మీద వేస్తావా? నీకంటే వాళ్ళే నయం కదరా! విషం కలిపారన్న మాట అలాగే ఉంటుంది. దేవుడు దయతలిచి వదిలేశాడంటారు. రేపు ఎవరికి కడుపునొప్పి వచ్చినా మళ్ళీ కర్రలు తీస్తారు. అప్పుడు ఇంకో దర్శనం చూస్తావా?"

జడ్సన్ డ్రమ్ము పారబోయలేదు.

ఆరింటికి జనం వచ్చారు. మందిరం గోడకి కర్రలు ఆనించి లోపలికి వచ్చి కూర్చున్నారు. ముందువరసలో ఇమ్మానుయేలు, తండ్రి పోయిన దుఃఖం ఇంకా మొహంలో ఆరలేదు. పాట కూడా పాడించకుండా జడ్సన్ లేచి నిలబడ్డాడు. తాను తిరిగిన ఇళ్ళూ, విన్న జవాబులూ వరసగా చెప్పాడు. డ్రమ్ము నీళ్ళు తాగినవాళ్ళే పడ్డారని, తాగనివాళ్ళు పడలేదని, బట్టీవాళ్ళు తాగలేదని చెప్పాడు. ఆ డ్రమ్ము పెట్టింది, చేతులు ముంచమన్నది, కాచవద్దన్నది తానేనని చెప్పాడు. ఆ ముగ్గురూ తానేనన్నట్టు మూడు వేళ్ళు చూపించాడు పాపం.

వెనకవరసలో ఎవరో, "ఫోన్లో వచ్చింది మరి" అని నసిగి ఊరుకున్నారు. చివరికి ఇమ్మానుయేలు లేచాడు.

"మా నాన్నకి ఆఖరి గుక్క నా చేత్తోనే పోశాను పాస్టరుగారూ. కాచమంటారా అని ఆరోజు మిమ్మల్ని అడిగాను కూడా. వద్దన్నారు."

"అవునండి, వద్దన్నాను."

ఇమ్మానుయేలు అతని మీదికి వస్తాడని అందరూ అనుకున్నారు. అతను డ్రమ్ము దగ్గరికి వెళ్ళి దాన్ని వాకిట్లోకి ఒక్కడే ఈడ్చుకుపోయి పడదోశాడు. నీళ్ళు మెట్ల మీదుగా వీధిలోకి పోతుంటే అక్కడే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

జడ్సన్ బల్ల ముందు మోకాళ్ళ మీద పడి, నేల మీద నుదురు ఆనించి, క్షమించు ప్రభువా అంటూ మొదలుపెట్టాడు. ఒక్కొక్కరే జనమూ మోకరించారు. మందిరమంతా ఏడుపుతో నిండిపోయింది. నిజమైన ఏడుపే, కాదనలేం. దాన్ని చూస్తే రాయైనా కరుగుతుంది. అయ్యగారు కూడా కాసేపు తలవంచుకున్నారు. తర్వాత తలెత్తి కిటికీలోంచి చూశారు. పొద్దు వాలిపోతోంది. ఏటిగట్టు మీద నెత్తిన మూటలతో మనుషులు వరసగా నడవడం మొదలుపెట్టారు. ఒకావిడ చంకలో పసిపిల్ల ఉంది.

ఆయన లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ జడ్సన్ దగ్గరికి వెళ్ళి, భుజం పట్టి గట్టిగా కుదిపారు.

"ప్రభువుకి ఎప్పుడో తెలుసురా. తెలియంది, ఆ వెళ్ళిపోతున్నవాళ్ళకి."