ఉప్పురాజు, ఇసుక గీతలు

అనగనగా మణికేతుడనే రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. సింహాసనం ఇవ్వనన్నాడని ధూమకంఠుడనే మాంత్రికుడు ఆయన్ని ఉప్పుబొమ్మగా మార్చేశాడు. ఇంట్లో కాదర్రా, సముద్రం ఒడ్డున! కదిపితే విరిగిపోతాడు. వాన పడితే కరిగిపోతాడు. అప్పటికే మబ్బులు కమ్ముకొస్తున్నాయి. మంత్రి కూతురు కువలయ రాజుగారికి తాటాకు గొడుగు పట్టి నిలబడింది.

మాంత్రికుడి ప్రాణం చిలకలో. చిలక రాగిచెంబులో. చెంబు సముద్రం అడుగున, ఒక నల్లరాయి పక్కన ఇసుకలో. ఈ సంగతి వాడే గొప్పలు పోతూ చెప్పాడు. పెద్దవాడు మునిగి రాయి పక్కన తవ్వాడు, లేదు. రెండోవాడు రాయి చుట్టూ తవ్వాడు, లేదు. చిన్నవాడు జయంకరుడికి కాలు నిలవదు. అయినా వెళ్తూ వెళ్తూ ఒక పీత బొరియ తొక్కకుండా పక్కనుంచి వెళ్లాడు. ఆ పీత అతని వెంటే వచ్చి, నీళ్లలో ఊపిరాడే నాచు నోటికిచ్చింది.

అడుగుకి చేరాక పీత అంది, "రాయి కదల్లేదు గానీ ఇసుక కదిలింది రాకుమారా. ఆ గీతలు చూడు, చిన్న చిన్న గట్లలా లేచి ఉన్నాయి. ఒక పక్క ఏటవాలు, ఒక పక్క నిటారు. ప్రవాహం నిటారు పక్కకే పోతుంది. చెంబూ అటే దొర్లింది. రెండు పక్కలా ఒకేలా ఉన్న గీతలొస్తే ఆగు. అక్కడ ప్రవాహం ఉండదు, అల ఇసుకని అటూ ఇటూ ఊపుతుందంతే. బరువైనది అక్కడే ఆగుతుంది."

జయంకరుడు పరుగెత్తాడు. బురద లేచింది, గీతలు చెరిగిపోయాయి. మళ్లీ పరుగెత్తాడు, మళ్లీ చెరిగాయి.

"కాస్త కూచోవయ్యా. అల మళ్లీ గీస్తుంది," అని పీత విసుక్కుంది.

"పైన వానొస్తోంది, పీతమ్మా!"

"అందుకే కూచోమంటున్నా."

మూడోసారి పరుగెత్తకుండా కూచున్నాడు. అబ్బ, ఎంత కష్టపడ్డాడో! పైన వాన గుర్తొస్తున్నా కాలు కదపలేదు. నీరు తేరింది, గీతలు కనిపించాయి. మెల్లగా నడిచాడు. రెండు పక్కలా ఒకేలా ఉన్న గీతల మధ్య తవ్వితే చెంబు దొరికింది.

ఒడ్డుకొచ్చి చెంబులోంచి చిలకని తీసి మెడ పట్టుకున్నాడు.

"వదిలెయ్, నీ తండ్రిని మనిషిని చేస్తాను," అన్నాడు ధూమకంఠుడు పరుగున వచ్చి.

"ముందు చెయ్."

అంతలో ఈదురుగాలికి గొడుగు ఒరిగింది. ఒక్క చినుకు పడి రాజుగారి చిటికెనవేలి కొస కరిగింది. ఆ వెంటనే మాంత్రికుడు మంత్రం విప్పాడు, ఆయన మనిషై ఊపిరి పీల్చుకున్నాడు. కువలయ గొడుగు పారేసి ఏడ్చేసింది.

చిలకని పంజరంలో పెట్టుకున్నారు, మాంత్రికుడు చచ్చినట్టు బుద్ధిగా ఉన్నాడు. జయంకరుడికీ కువలయకీ పెళ్లయింది, తండ్రి తరువాత వాళ్లే చాలాకాలం రాజ్యమేలారు. తండ్రి బతికున్నన్నాళ్లూ, జయంకరుడు దేనికైనా తొందరపడితే ఆయన ఆ పొట్టి చిటికెనవేలు ఎత్తి చూపించేవాడు. కొడుకు వెంటనే కూచునేవాడు.