అలకవరం అమ్మవారికి దిక్కుకో పువ్వు

“అలకమ్మ తోటలో ఏ మొక్క ఎక్కడ వేరు పట్టిందో అక్కడే ఉంటుంది. ఒక్క కుదురును కూడా కదిలించబోము.”

గుడి అభివృద్ధి సంఘం వారు పోయిన ఉగాదినాడు భక్తులందరి ముందు మైకులో ఇచ్చిన మాట ఇది. ఇప్పుడు మెట్లు దిగి తూర్పుకు తిరిగితే ఇసుకదిబ్బ మీద పరిచిన పచ్చిక కనిపిస్తుంది. దాని చుట్టూ కుండీల్లో గులాబీలు. పచ్చిక పండుబారింది, గులాబీలు తలలు వాల్చాయి. అభివృద్ధి ఎవరి కోసం అని అడిగే ముందు, ఇక్కడ ఈ తోట ఎలా పుట్టిందో యాత్రికులు తెలుసుకోవాలి.

సముద్రపు హోరు వినిపించే ఈ అలకవరంలో అమ్మవారి ముఖం ఉత్తరానికి ఒకింత ఒరిగి ఉంటుంది. కొత్తగా వచ్చినవారు ఎటు నిలబడి దండం పెట్టాలో తెలియక తికమకపడతారు. పాతవారి పరిస్థితీ అంతే.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. ఏటి ఒడ్డున ఉన్న పాత ఊరిని వరద మింగేస్తే, మిగిలినవారు అమ్మవారిని తలకెత్తుకొని ఈ తీరానికి వచ్చారు. మోసింది ఓబుళమ్మ. అమ్మవారికి పూలిచ్చే సేవ ఆమె అత్తింటివారిది. భర్త వరదలో పోయాక ఊళ్లో ఆమెకు మిగిలిన నీడ ఆ సేవ ఒక్కటే. కొత్త గుడి తొలి తిరునాళ్లకు సొంత తోట పూలతో దండ వేయాలనీ, వేయలేకపోతే సేవ వేరే ఇంటికి పోతుందనీ పెద్దలు తీర్మానించారు.

పాత ఊళ్లో గుడికి తూర్పున మల్లెలు, దక్షిణాన చేమంతులు, పడమట కనకాంబరాలు ఉండేవి. ఇక్కడా ఏ దిక్కు మొక్క ఆ దిక్కునే ఉండాలని పెద్దల కట్టడి. దిక్కు మారితే అమ్మకు ఇది తన గుడేనని తెలియదని వారి భయం. ఓబుళమ్మదీ అదే నమ్మకం. తూర్పున ఉన్నది ఉప్పుగాలి కొట్టే ఇసుకదిబ్బ అనీ, దక్షిణాన ఉన్నది నీరు నిలిచే పల్లమనీ, పడమటిది రాతిగట్టు అనీ ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నవారు ఉన్నా నోరెత్తలేదు.

మల్లెలు ఎండాయి. ఆమె మరిన్ని నీళ్లు పోసింది, ఇసుక తాగేసింది. చేమంతులు కుళ్లాయి. నీళ్లు మానేసింది, అయినా కుళ్లాయి. కనకాంబరాలు రాళ్ల మధ్య వేరు దింపలేక మాడిపోయాయి. ఒకచోట చాలనిది మరొకచోట ఎక్కువెలా అవుతోందో ఆమెకు అంతు చిక్కలేదు. దిష్టి తీసింది, ఉపవాసాలు ఉంది. ఏ పాపానికి ఇది శిక్షో తెలియక అన్ని పాపాలకూ చెంపలు వేసుకుంది.

“వదినా, నువ్వు చెయ్యి పెడితే గడ్డి కూడా దండం పెట్టి చస్తా ఉందే!” అని మరిది పెంచలయ్య ఎగతాళి చేశాడు.

“నీ నోరు పాతిపెడతా అబ్బయా, అది యాడైనా మొలుస్తది,” అంది ఓబుళమ్మ.

ఆ కోపంలోనే ఎండిన మల్లె కుదురును పెరికి, ఉత్తరాన వాగు ఒడ్డున ఊరివాళ్లు బూడిద, పేడ పారబోసే చోట విసిరేసింది.

తిరునాళ్లు దగ్గరపడ్డాయి. ఒక మధ్యాహ్నం గుడి అరుగు మీద కునుకు పట్టినప్పుడు అమ్మవారు కలలో కనిపించి, “నన్ను మోసుకొచ్చావు గానీ, ఇంకా దించలేదేమే?” అంది. ఓబుళమ్మ ఉలిక్కిపడి లేచింది. అమ్మవారు పీఠం మీదే ఉంది కదా! మళ్లీ తలకెత్తుకొని మునిగిన ఊరికే తీసుకుపొమ్మంటోందా? పూజారిని అడిగితే ఆయనా తల గోక్కున్నాడు. “నాకూ బోధపడలేదమ్మా. దించే కదా పూజ చేస్తున్నాం!” ఇద్దరూ లోపలికి వెళ్లి చూస్తే అమ్మవారి ముఖం పూర్తిగా ఉత్తరానికి తిరిగిపోయి ఉంది. అమ్మ అలిగింది.

అమ్మ చూపు పడిన వైపే ఓబుళమ్మ నడిచింది. వాగు ఒడ్డున, తాను విసిరేసిన మల్లె కుదురు ఒండ్రులో వేరు పట్టి మొగ్గలు తొడిగింది. సాకింది చచ్చింది, పారేసింది పూసింది. నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే కూలబడింది. వెనక్కి తిరిగి చూస్తే దిబ్బ మీద బాలబంద తీగ ఊదారంగు పూలతో పాకుతోంది. పల్లంలో మొగలి, గట్టు మీద తంగేడు. మల్లెకు, చేమంతికి అడ్డమని రోజూ తాను పీకేసినవే అవి. అమ్మవారు పీఠం ఎక్కినా, పాత ఊరు తన నెత్తి మీద నుంచి ఇంకా దిగలేదని ఆమెకు తోచింది. కల అర్థం అదేనో కాదో మాత్రం చివరిదాకా తేలలేదు.

తిరునాళ్లనాడు ఆమె ఆ పూలన్నీ కలిపి కట్టిన దండ తెచ్చింది. ఊరి పెద్ద నారపరెడ్డి కళ్లెర్ర చేశాడు. “కలుపు తెచ్చి అమ్మ మెళ్లో వేస్తావా?”

“మీరు చెప్పిన దిక్కులకే పోయి తెచ్చాను పెద్దయ్యా. ఆ దిక్కుల్లో పూసినవి ఇవే.”

దండ పడగానే అమ్మవారి ముఖం జనం వైపు తిరిగిందంటారు. పూర్తిగా తిరగక మధ్యలో ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు. సేవ ఓబుళమ్మకే దక్కింది.

నేటికీ భక్తులు తమ పెరటి మట్టి పిడికెడు తెచ్చి అమ్మవారి ముందు పెడతారు. పూలసేవ ఇంటివారు దాని మీద నీరు పోసి చూస్తారు. నీరు నిలిస్తే మెట్టతామర దుంప, చప్పున ఇంకితే గన్నేరు కొమ్మ, ఒండ్రు అయితే మల్లె అంటు ప్రసాదంగా ఇస్తారు. ఎండ పడని పెరడంటే తమలపాకు తీగ. ఆ మొక్క నిలిచిన ఇంట వలస వచ్చినవారు కూడా నిలదొక్కుకుంటారని నమ్మకం.

తిరునాళ్ల దండలో నాలుగు దిక్కుల పూలూ ఉండాలన్నది తప్పనిసరి ఆచారం. ఈ ఏడు తూర్పు దిబ్బ మీది తీగను చాపలా చుట్టి ట్రాక్టరులో తరలించారు. అన్ని నేలల మీదా ఒకే పచ్చిక పరచడం అందం కాదు, పెత్తనం! ప్రతి నేలకూ తన పువ్వు పూసే హక్కు ఉంది! ఫాల్గుణ పౌర్ణమి తిరునాళ్లకు అమ్మ మెడలో తూర్పు పువ్వుగా ఏం వేస్తారు? తీగ వేరు పట్టడానికి సమయం కావాలి కనుక, పచ్చిక ఎప్పుడు ఎత్తుతారో సంఘం వారు గుడి గోడ మీద రాసి భక్తులకు చెప్పాలి. అలా రాయడానికి గడువు డిసెంబరు పదిహేను.